ఇద్దరే ఆడుకోవడానికి మొదటి బోర్డ్ గేమ్ ఏది కొనాలి?

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను తమ్ముడూ, ఏమీ అనుకోకు. నాకు అర్థమైనంతవరకు నీ సంగతి ఇదీ. పెళ్ళై ఏడాదిన్నర, బెంగళూరులో ఇద్దరికీ ఉద్యోగాలు, శుక్రవారం రాత్రి ఆ ట్రాఫిక్‌లో పడి బయట భోజనానికి వెళ్ళే ఓపిక ఇద్దరికీ లేదు, అందుకని ఫోన్లు పక్కన పడేసి ఇంట్లోనే ఏదైనా ఆడుకుందాం అనుకున్నారు. నువ్వు స్కూల్లో జిల్లా స్థాయి దాకా చెస్ ఆడినవాడివి కాబట్టి చెస్ బోర్డు తీశావు, మరదలు వరసగా ఆరేడుసార్లు ఓడిపోయింది, ఇప్పుడు బోర్డు తియ్యగానే "నువ్వు ఫోన్లో ఆడుకో, నాకు నిద్రొస్తోంది" అంటోంది. తర్వాత ఎవరో చెప్పారని కటాన్ అనే బోర్డ్ గేమ్ కొన్నావు, ఇంటికొచ్చి బాక్స్ తెరిచాక తెలిసింది దానికి కనీసం ముగ్గురు కావాలని. ఇప్పుడు మళ్ళీ డబ్బులు పెట్టేముందు అడుగుతున్నావు, మంచి పని చేశావు.

మాది కాకినాడ, ఇప్పుడు ఉండేది హైదరాబాద్ మియాపూర్. పెళ్ళై 11 ఏళ్ళు, అందులో ఏడేళ్ళుగా పిల్లలు పడుకున్నాక శుక్రవారం రాత్రి ఇద్దరం ఏదో ఒకటి ఆడతాం, తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పదకొండులోపు అయిపోవాలి అని ఒక లెక్క. అలా అలా ఇంట్లో 40 దాకా బాక్సులు చేరాయి, వాటిలో నిజంగా బయటికి వచ్చేవి ఎనిమిదో తొమ్మిదో, మిగతావి డబ్బు దండగే. ఆ దండగ నీకు తప్పించాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు చెస్ సంగతి. నలుగురు ఆడే ఆటలో ఓడిపోతే ఓడినవాళ్ళు ముగ్గురుంటారు, ఎవరికీ పెద్ద పట్టింపు ఉండదు. ఇద్దరి ఆటలో ఓడేది ఎదురుగా కూర్చున్న ఆ ఒక్క మనిషే. పైగా చెస్‌లో పాచికల్లేవు, పేకలు కలపడం లేదు, అదృష్టం పాలు బొత్తిగా లేదు, కాబట్టి బాగా వచ్చినవాళ్ళు పదికి పదీ గెలుస్తారు. వారం వారం అదే మనిషి ఓడుతుంటే ఆ మనిషికి అది పరీక్ష రాయడం లాగా అయిపోతుంది, పగలంతా ఆఫీసులో పడి వచ్చి రాత్రికి పరీక్ష ఎవరు రాస్తారు చెప్పు. కావాలని ఓడిపోతే బావుంటుందా అని కూడా అడిగావు, ఆ పని మాత్రం చెయ్యకు. తెలిసిపోతుంది. మావారు కొత్తలో ఒకసారి అలా చేశారు, ఆ సంగతి నేను కనిపెట్టేశాను, ఓడిపోయినప్పుడు రాని కోపం అప్పుడు వచ్చింది నాకు.

అందుకే నేను ఎవరికైనా చెప్పే మొదటి లెక్క ఏంటంటే, ఇద్దరిలో ఆటలు తక్కువ ఆడిన మనిషి పదింటిలో కనీసం నాలుగు నిజంగా గెలవగలగాలి, అలాంటిదే మొదట కొనాలి. రేటింగులు, బొమ్మలు, ఎంతమంది కొన్నారు అన్నవన్నీ దాని తర్వాతే. పేకలు కలిపి ఆడేవాటిలో ఈ గుణం ఉంటుంది, ఆలోచించినవాడికి కొంచెం మొగ్గు ఉంటుంది కానీ ప్రతిసారీ గెలవలేడు.

అలా చూస్తే మీకు మొదటి గేమ్ జైపూర్. సెబాస్టియన్ పోషాన్ అనే ఆయన చేసింది, 2009లో వచ్చింది, ఇద్దరికే చేశారు, మూడో మనిషి కూర్చోడానికి లేదు. పేరు చూసి మన దేశంలో చేసింది అనుకుంటారు, ఆయనది స్విట్జర్లాండ్. ఇద్దరూ జైపూర్ బజార్లో వ్యాపారులు అన్నమాట, మధ్యలో ఎప్పుడూ ఐదు కార్డులు తెరిచి ఉంటాయి, వజ్రాలు, బంగారం, వెండి, బట్టలు, మసాలాలు, తోలు, వీటితోపాటు ఒంటెలు. నీ టర్న్‌లో ఒక సరుకు తీసుకోవచ్చు, లేదా కొన్ని కార్డులు మార్చుకోవచ్చు, లేదా బజార్లో ఉన్న ఒంటెలన్నీ ఒక్కసారే తీసుకోవచ్చు, లేదా చేతిలో ఉన్న ఒక రకం సరుకు అమ్ముకోవచ్చు, అంతే. ముందు అమ్మినవాళ్ళకి ఎక్కువ రేటు, ఆలస్యం చేసేకొద్దీ రేటు పడిపోతుంది, కానీ ఒకేసారి మూడో నాలుగో ఐదో కలిపి అమ్మితే బోనస్. అమ్మాలా ఆగాలా, మొత్తం ఆట ఆ గుంజాటనే. రూల్స్ చెప్పడానికి పది నిమిషాలు చాలు.

పోయిన నెల మా ఇంట్లో జరిగింది చెప్తాను, గేమ్ ఎలా ఉంటుందో నీకే తెలుస్తుంది. రౌండు మధ్యలో ఉన్నాం, నా చేతిలో రెండు వజ్రాలు తప్ప ఏమీ లేవు. బజార్లో మూడు ఒంటెలు, ఒక తోలు, ఒక వెండి. ఒంటెలు తీసుకుంటే ఖాళీ అయిన చోట మూడు కొత్త కార్డులు తెరుచుకుంటాయి, వాటిని ముందు ఏరుకునేది మావారు, అందుకని నేను ఒంటెల జోలికి పోకుండా వెండి తీసుకున్నాను. ఆ ఖాళీలో ఇంకో ఒంటె వచ్చి పడింది. ఆయనా అదే భయంతో తోలు తీసుకున్నారు, మళ్ళీ ఒంటే. ఇప్పుడు బజారంతా ఐదు ఒంటెలే, ఇంకేమీ లేదు. ఇక ఎవరో ఒకళ్ళు ఒంటెల్ని తోలుకెళ్ళాలి, లేదా ఏదో ఒకటి అమ్మి టర్న్ గడపాలి. నేను దాచుకుందామనుకున్న వజ్రాలు రెండూ అమ్మేశాను, ఏడూ ఏడూ పద్నాలుగు. ఆయన ఒక్క తోలు అమ్మారు, నాలుగు. మళ్ళీ నా వంతు. నా దగ్గర మిగిలింది ఒకే ఒక వెండి, వెండి ఒక్కటి అమ్మనివ్వరు, రెండు ఉండాలి. చచ్చినట్టు ఐదు ఒంటెలూ తీసుకున్నాను, ఐదు కొత్త కార్డులు పడ్డాయి, అందులో మూడు బంగారాలు. ఆయన దగ్గర ముందునుంచీ దాచిన మూడు ఒంటెలున్నాయి, వాటిని అక్కడ పెట్టి మూడు బంగారాలూ ఒక్క దెబ్బకి లాగేసుకున్నారు. ఆయన నవ్వు చూడాలి అప్పుడు. కానీ రౌండు చివర ఎక్కువ ఒంటెలున్నవాళ్ళకి ఐదు రూపాయలు అదనం, అది నాకు వచ్చింది, మూడు రూపాయల తేడాతో రౌండు నాదే. ఇలా మూడు రౌండ్లలో రెండు గెలిస్తే ఆట గెలిచినట్టు, మొత్తం అరగంట.

చూశావా, అక్కడ ఎవరూ ఎవరి పావునీ చంపలేదు, నాది తీసేసుకున్నావు అన్న బాధ కూడా లేదు, ఇద్దరం బజారు వైపు చూస్తూ ఒకళ్ళ మనసు ఒకళ్ళం చదువుకుంటున్నాం. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి. నువ్వు చెస్ బుర్రతో లెక్కేస్తావు, వెయ్యి, తప్పులేదు, కానీ తర్వాత ఏ కార్డు పడుతుందో నీ చేతిలో ఉండదు కదా.

రెండోది ప్యాచ్‌వర్క్. ఇది ఉవే రోజెన్‌బెర్గ్ చేసింది, 2014. బొంత కుట్టడమే ఆట. ఇద్దరికీ చెరొక 9 అడ్డం 9 నిలువు గళ్ళ బోర్డు ఇస్తారు, మధ్యలో రకరకాల ఆకారాల గుడ్డముక్కలు 33 చుట్టూ పేర్చి ఉంటాయి, గుండీలే డబ్బులు, గుండీలిచ్చి ముక్క కొని నీ బోర్డు మీద ఖాళీ లేకుండా అమర్చుకోవాలి. ప్రతి ముక్కకీ గుండీలతోపాటు కొంత టైమ్ కూడా ఖర్చు, పక్కన ఒక టైమ్ బోర్డు ఉంటుంది, దానిమీద వెనకబడిన మనిషిదే టర్న్, అందుకని చిన్న చిన్న ముక్కలు కొనేవాళ్ళకి వరసగా రెండు మూడు టర్న్‌లు వస్తాయి. చివర్లో ఖాళీగా మిగిలిన ఒక్కో గడికీ రెండు పాయింట్లు కోత. మొదటిసారి ఇద్దరికీ స్కోరు మైనస్‌లో వస్తే కంగారు పడకండి, మాకూ అలాగే వచ్చింది, నాలుగో ఆటకి గానీ ప్లస్‌లోకి రాలేదు.

దీంట్లో అదృష్టం పెద్దగా లేదు, మరి నీకెందుకు చెప్తున్నాను అంటే, ఇక్కడ కావాల్సిన నేర్పు చెస్ నేర్పు కాదు. డిక్కీలో సామాన్లు సర్దేవాళ్ళు, ఫ్రిజ్‌లో గిన్నెలు ఇరికించేవాళ్ళు, ముగ్గు పెట్టేవాళ్ళు, వీళ్ళకి ఉండే కన్ను అది. మా ఇంట్లో అది నాకుంది, మావారికి లేదు, ఇప్పటికీ పదిలో ఆరు నేనే. మరదలికి ఆ కన్ను ఉందేమో ఆడితేనే తెలుస్తుంది. ఒకవేళ అక్కడా నువ్వే గెలుస్తుంటే సులువైన దారి ఉంది, మామూలుగా చెరో ఐదు గుండీలతో మొదలుపెడతారు కదా, తనకి ఎనిమిదో పదో ఇచ్చి మొదలుపెట్టండి. ఇది కావాలని ఓడిపోవడం లాంటిది కాదు, ముందే ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న లెక్క, ఆ తర్వాత నువ్వు నీ శక్తి కొద్దీ ఆడొచ్చు.

లాస్ట్ సిటీస్ కూడా మంచిదే, రైనర్ క్నీట్సియా చేసింది, 1999 నుంచి ఉంది. 60 కార్డులు, ఐదు రంగులు, ఒక రంగు మొదలుపెడితే మైనస్ 20తో మొదలవుతుంది, ఆ గొయ్యి పూడ్చుకుంటూ పైకి రావాలి. రమ్మీ ఆడే అలవాటున్న ఇంట్లోంచి వచ్చినవాళ్ళకి రెండు నిమిషాల్లో పడుతుంది. ఒకటే చిక్కు, చివర్లో కూడికలు, తీసివేతలు, రెట్టింపులు ఉంటాయి, పెన్నూ పేపరూ పెట్టుకోవాలి.

ఇప్పుడు చాలామంది ఇచ్చే ఒక సలహా గురించి. "భార్యాభర్తలు కదా, పోటీ ఎందుకు, ఇద్దరూ కలిసి గేమ్ మీద ఆడే కోఆపరేటివ్ గేమ్ కొనుక్కోండి, గొడవే ఉండదు" అంటారు. నేనూ అదే నమ్మి పాండెమిక్ కొన్నాను. మాట్ లీకాక్ చేసిన గేమ్, 2008ది, ప్రపంచమంతా నాలుగు రోగాలు పాకుతుంటే ఇద్దరూ కలిసి మందు కనిపెట్టాలి, నిజంగా గొప్ప గేమ్. కానీ అన్ని కార్డులూ ఇద్దరికీ కనపడుతుంటాయి కాబట్టి ఇద్దరిలో బుర్ర వేగంగా తిరిగే మనిషి "నువ్వు ఢిల్లీ వెళ్ళు, అక్కడ ఇది తీసెయ్, కార్డు నాకివ్వు" అని చెప్పడం మొదలుపెడతాడు, రెండో మనిషి చెప్పిన చోటికి పావు జరిపే పని చేస్తుంటుంది. ఇది మా ఇంట్లో అచ్చంగా జరిగింది, గెలిచాం కూడా, గెలిచాక మావారు చెయ్యెత్తితే చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు, ఎందుకంటే అందులో నేను ఆడింది ఏమీ లేదు. చెస్ ఆడే నీకు ఆ ప్రమాదం రెట్టింపు. కాబట్టి కలిసి ఆడేది కొనాలంటే, ఒకళ్ళకి తెలిసింది ఇంకొకళ్ళకి కనపడకుండా ఉండేదో, నోరు కట్టేసేదో కొనాలి.

అలాంటివాటిల్లో నాకు ప్రాణం స్కై టీమ్. లూక్ రెమోన్ చేశారు, 2023లో వచ్చింది, 2024లో జర్మనీవాళ్ళ స్పీల్ డెస్ యారెస్ అవార్డు దీనికే ఇచ్చారు, బోర్డ్ గేమ్స్‌లో అంతకంటే పేరున్న అవార్డు లేదు. ఒకళ్ళు పైలట్, ఒకళ్ళు కో పైలట్, విమానాన్ని దింపాలి. చెరో నాలుగు పాచికలు అడ్డం వెనకాల వేసుకుంటారు, వెయ్యకముందు ఎంతైనా మాట్లాడుకోవచ్చు, వేసిన తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఒకరి తర్వాత ఒకరు పాచికలు పెడుతుంటారు, విమానం అటూ ఇటూ ఒరగకుండా ఉండాలంటే ఒకచోట ఇద్దరి అంకెలూ దగ్గరగా ఉండాలి. ఒకరోజు నేను అక్కడ 5 పెట్టి కూర్చున్నాను. ఆయన అడ్డం వెనక్కి చూసుకుంటున్నారు, మొహంలో ఏమీ లేదు, కాసేపటికి 4 తీశారు, బల్లమీదున్న ఒక కాఫీ టోకెన్ తీసి పక్కన పెట్టి దాన్ని 5 చేశారు. ఆ కాఫీ టోకెన్ అంతకుముందు రౌండులో నేను నా మంచి పాచిక ఒకటి వదులుకుని సంపాదించింది, అది గుర్తుపెట్టుకుని వాడారు. మాట లేకుండా ఒకరినొకరు అర్థం చేసుకున్నామన్న ఆ సంతోషం ఏ పోటీ గేమ్‌లోనూ రాలేదు నాకు. ఒక ఆట 20 నిమిషాలు, కూలిపోతే వెంటనే ఇంకోటి మొదలుపెడతాం, కూలినప్పుడు తప్పు ఎవరిది అని మాత్రం వెతక్కండి.

కోడ్‌నేమ్స్ డ్యూయెట్ అని ఇంకోటి ఉంది, 2017ది. 25 మాటలు బల్లమీద పరిచి ఉంటాయి, ఒక్క మాట, ఒక అంకె చెప్పి అవతలి మనిషి చేత సరైన మాటలు ముట్టించాలి, ఏవి సరైన మాటలో చూపించే కీ ఇద్దరికీ వేర్వేరుగా ఉంటుంది కాబట్టి పెత్తనం కుదరదు. చిక్కేంటంటే మాటలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు రాక కాదు, ఇంట్లో మనం ఆ భాషలో ఆలోచించుకోం, జ్ఞాపకాలు ఆ భాషలో ఉండవు. మేం ఏం చేశామంటే పాత విజిటింగ్ కార్డుల వెనక ఒక 120 తెలుగు మాటలు రాసుకున్నాం, ఆవకాయ, బస్టాండు, మేడ, పట్టుచీర, తాళం, వరద, గోదారి, పీటలు, మేనత్త, ఇలాగ. కీ కార్డులు మాత్రం గేమ్‌లోవే. ఒకసారి నేను "అమ్మమ్మ, మూడు" అన్నాను. నా మనసులో ఉన్నవి ఆవకాయ, మేడ, తాళం. ఆవకాయ వెంటనే పట్టారు, మేడ కూడా, ఎండాకాలం మా అమ్మమ్మగారి మేడమీద పడుకునేవాళ్ళమని ఎన్నోసార్లు చెప్పాను కాబట్టి. మూడోది చాలాసేపు ఆలోచించి తాళం ముట్టుకున్నారు. మా అమ్మమ్మ బొడ్లో తాళాల గుత్తి ఎప్పుడూ ఉండేదని పెళ్ళైన కొత్తలో ఒకే ఒక్కసారి చెప్పాను నేను. ఆ రాత్రి ఆట అక్కడే ఆగిపోయింది, అమ్మమ్మ కబుర్లలో పడిపోయాం. మీరిద్దరూ వేరే వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఒకళ్ళ చిన్నతనం ఒకళ్ళకి ఇంకా పూర్తిగా తెలీదు, ఈ ఒక్క గేమ్ తెలుగు మాటలతో ఆడి చూడండి, నా మాట విను.

ఖర్చు పెట్టకముందు ఇంకో విషయం. మన పాత ఆటల్లో ఇద్దరికీ సరిపోయేవి బోలెడు. పులిమేక ఉంది, మూడు పులులు, 15 మేకలు, 23 చోట్లు, చార్ట్ మీద గీసుకుంటే చాలు, శనగపప్పులూ చింతపిక్కలూ చాలు పావులకి. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి, అన్నీ దిగేదాకా కదలవు, పులి దూకి చంపుతుంది, మేకలు చుట్టుముట్టి పులుల్ని కదలకుండా కట్టెయ్యాలి. రెండు పక్షాలూ వేర్వేరుగా ఉండటమే దీని గొప్ప, కొత్తవాళ్ళకి మేకల వైపు ఆడటం కష్టం, అందుకని మరదలికి పులులిచ్చి నువ్వు మేకలు తీసుకో, నీ చెస్ బుర్రకి పనీ ఉంటుంది, తనకి గెలుపూ ఉంటుంది. అష్టాచెమ్మా అయితే పూర్తిగా గవ్వల దయ, నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, ఇంకో పందెం. కాయ పండబోయే ముందు చంపితే ఎంత ఉడుకుమోతుతనం వస్తుందో నీకు తెలుసు కదా, కొన్ని జంటలకి ఆ సరదా పడుతుంది, కొన్నిటికి పడదు.

వామనగుంటలు మాత్రం నేను ప్రత్యేకంగా చెప్పాలి. మా అమ్మ పెళ్ళప్పుడు ఇచ్చిన చెక్క పీట, ఏడూ ఏడూ 14 గుంటలు, మడిచి పెట్టుకునేది, చేప ఆకారంలో ఉంటుంది. మేం గుంటకి ఐదేసి చింతపిక్కలు వేస్తాం, మొత్తం 70. ఒక గుంట తీసి ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవాలి, చేతిలోవి అయిపోతే పక్క గుంట తీసి మళ్ళీ, పక్కది ఖాళీ అయితే దాని తర్వాత గుంటలోవి నీవి. లెక్కపెట్టి ఆడొచ్చు, ఊరికే చెయ్యి పోయిన చోట ఆడొచ్చు, రెండూ సాగుతాయి. పిక్కలు చెక్కలో పడే ఆ చప్పుడు, మాట్లాడుకుంటూ ఆడే వీలు, ఇవి కొత్త గేమ్స్‌లో చాలావాటికి లేవు. ఆఫీసులో బాగా అలిసిపోయి వచ్చిన రోజు మేం తీసేది ఇదే, కొత్త బాక్సులేవీ కావు. మరదలి వాళ్ళ అమ్మమ్మకో మీ నాయనమ్మకో ఫోన్ చేసి వాళ్ళింటి రూల్ అడుగు, ఊరూరికీ రూల్ మారుతుంది.

క్యారమ్స్ గురించి చెప్పక్కర్లేదు, జాగా ఉంటే కొనుక్కో, ఇద్దరికీ చెయ్యి సమానంగా ఉంటేనే బావుంటుంది.

ఇక కొనకూడనివి. బాక్స్ మీద 2 నుంచి 4 అని రాసి ఉంటే ఇద్దరికి బావుంటుందని కాదు, ఇద్దరితో నడుస్తుంది అని మాత్రమే. బోర్డ్‌గేమ్‌గీక్ అని 2000 నుంచి ఉన్న వెబ్‌సైట్ ఉంది, ప్రతి గేమ్ పేజీలోనూ ఎంతమందితో బావుంటుంది అని ఆడినవాళ్ళు వేసిన ఓట్లు ఉంటాయి, అక్కడ రెండు అని వచ్చిందా లేదా చూసుకో. దాని పక్కనే ఎంత కష్టమైన గేమో ఐదు మీద ఒక అంకె ఉంటుంది, మీకు మొదటి రెండు గేమ్స్ రెండు లోపు ఉండాలి, జైపూర్, ప్యాచ్‌వర్క్ రెండూ అలాంటివే. మనం చిన్నప్పుడు ఆడిన బిజినెస్ లాంటివి ఇద్దరితో వద్దు, ఎవరు గెలుస్తారో సగంలోనే తెలిసిపోయి మిగతా గంట సాగదీతే.

అజూల్ గురించి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే అందరూ జంటలకి అదే చెప్తారు. రంగురంగుల పలకలు ఏరుకుని ఎవరి బోర్డు మీద వాళ్ళు పేర్చుకునే ఆట, 2017లో వచ్చింది, 2018లో ఆ జర్మన్ అవార్డు వచ్చింది, ఆ పలకలు చేతిలో పట్టుకుంటేనే ముద్దొస్తాయి. నలుగురితో ఆడితే హాయిగా ఉంటుంది. ఇద్దరితో ఆడితే మాత్రం ఎదుటి మనిషికి ఏ పలకలు మిగల్చాలో లెక్క కట్టొచ్చు, వాళ్ళు పెట్టుకోలేని ఆరేడు పలకలు ఒక్కసారే మీద పడేసి పద్నాలుగు పాయింట్ల దాకా కొయ్యొచ్చు. చెస్ ఆటగాడు రెండో ఆటకే ఆ లెక్క కనిపెడతాడు, కనిపెట్టాక చెయ్యకుండా ఉండలేడు. ఒక ఆరు నెలలు ఆగి కొనుక్కోండి. హైవ్ కూడా అంతే, చాలా గొప్ప గేమ్, పురుగుల బొమ్మలున్న బిళ్ళలతో రాణీగారి చుట్టూ ముట్టడి, కానీ అది చెస్‌కి తమ్ముడు లాంటిది, నీకు నచ్చుతుంది, సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. సెవెన్ వండర్స్ డ్యుయెల్ మూడో నాలుగో గేమ్‌గా పెట్టుకో, 2015ది, మూడు రకాలుగా గెలవొచ్చు, సైన్యంతో, విజ్ఞానంతో, పాయింట్లతో, మేం ఇప్పటికి ఎన్నిసార్లు ఆడామో లెక్కలేదు, కానీ కార్డులమీది గుర్తులు నేర్చుకోవడానికి రెండు రాత్రులు పడుతుంది, మొదటి గేమ్‌గా పెడితే తను అక్కడే ఆగిపోతుంది.

కొనేటప్పుడు ధర మరీ తక్కువ కనపడితే అనుమానించు, నకిలీవి చాలా తిరుగుతున్నాయి. నేను ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఒకటి అలా కొన్నాను, వచ్చాక చూస్తే కొన్ని కార్డుల వెనక రంగు కొంచెం లేతగా ఉంది, అంటే ఎదుటి మనిషి చేతిలో ఏముందో వెనకనుంచే తెలిసిపోతుంది, ఇక అది ఆటే కాదు. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. మీ ఊళ్ళో బోర్డ్ గేమ్ కేఫ్‌లున్నాయి, ఓపిక ఉన్న ఆదివారం ఒకసారి వెళ్ళి కొనాలనుకున్నది అక్కడ ఆడి చూసి తర్వాత కొనుక్కోవడం అన్నిటికంటే నయం.

ఆడే రాత్రి గురించి కొన్ని చెప్పాలి, ఇవి గేమ్ ఎంపికకంటే తక్కువేం కాదు. కొత్త బాక్స్ శుక్రవారం రాత్రి తన ముందు మొదటిసారి తెరవకు. గురువారమే నువ్వొక్కడివీ తెరిచి, అట్టల్లోంచి టోకెన్లన్నీ ఊడదీసి, రూల్స్ చదివి, ఒక వీడియో చూసి, రెండు వైపులా నువ్వే ఒక నాలుగు టర్న్‌లు ఆడుకో. భోజనం అయ్యాక భార్యని కూర్చోబెట్టి ముప్పావుగంట రూల్ బుక్ చదివి వినిపిస్తే ఏ గేమైనా చస్తుంది. మొదటి ఆట లెక్కలోకి తీసుకోవద్దు, కార్డులు తెరిచి పెట్టే ఆడండి.

ఫ్యాన్ సంగతి బయట ఎవరూ చెప్పరు, మనకి మాత్రం అది పెద్ద విషయం. ఫుల్ స్పీడులో ఫ్యాన్ కింద కార్డులు పరిస్తే నిలవవు, ఫ్యాన్ ఆపితే మనం నిలవలేం, అందుకని మేం గది మధ్యలో కాకుండా గోడవారగా చాప వేసుకుంటాం, కార్డుల కట్ట మీద ఒక చిన్న గిన్నె బోర్లిస్తాం. మంచం మీద ఆడొద్దు, ఎవరు కదిలినా అన్నీ జారతాయి. మిరపకాయ బజ్జీలు, జంతికలు ఆట అయ్యాకే, నూనె చేత్తో కార్డు ముట్టుకుంటే ఆ మచ్చ జన్మలో పోదు, ఆ కార్డు ఏదో ఇద్దరికీ తెలిసిపోతుంది. తప్పదంటే కార్డులకి ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి, అవి వేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆట అయ్యాక నువ్వు చెస్ ఆటగాళ్ళు చేసే పని చెయ్యకు, "నువ్వు అక్కడ ఆ కార్డు తీసుకుని ఉంటే" అని తప్పులు చూపించడం. అడిగితే చెప్పు, అడక్కపోతే వద్దు. తను ఆలోచించుకుంటున్నప్పుడు ఫోన్ పట్టుకోకు. ఒక వారం గేమ్ నువ్వు ఎంచుకుంటే ఇంకో వారం తను, తను ఎంచుకున్నది నీకు నచ్చకపోయినా ఆడు. మా ఇంట్లో ఈ ఒక్క రూల్ వల్లే నాకు అసలు ఇష్టంలేని రెండు గేమ్స్ ఇప్పుడు ఇష్టమయ్యాయి.

ప్రాజెక్టు మీద ఊరు మారాల్సి రావొచ్చు అని కూడా చివర్లో రాశావు. మా చెల్లీ మరిదీ ఏడాదిపాటు అలాగే ఉన్నారు, తను డల్లాస్‌లో, అతను విజయవాడలో. బోర్డ్ గేమ్ అరేనా అని సైట్ ఉంది, ప్యాచ్‌వర్క్, సెవెన్ వండర్స్ డ్యుయెల్ లాంటివి అందులో ఆన్‌లైన్‌లో ఆడొచ్చు, టర్న్ వెయ్యడానికి ఒకటి రెండు రోజులు గడువు పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. అతను ఆఫీసుకి వెళ్ళేముందు ఒక ముక్క పెట్టేవాడు, తను లేచి చూసుకుని ఒకటి పెట్టేది. ఫోన్లో మాట్లాడుకోవడానికి విషయాలు అయిపోయిన రోజుల్లో కూడా ఆ ఒక్క ముక్క మాత్రం ఆగలేదని చెప్తుంది.

కాబట్టి ఇప్పటికి జైపూర్ ఒక్కటే కొను, అది వచ్చేలోపు ఈ శుక్రవారం చార్ట్ మీద పులిమేక గీసి ఆడండి, పులులు తనవి, మర్చిపోకు. ఆ కటాన్ బాక్స్ మాత్రం అమ్మెయ్యకు. సంక్రాంతికి నీ బావమరిది వస్తాడు కదా, ముగ్గురవుతారు, అప్పుడు తియ్యి.